అద్దాల పెట్టెలో అత్తమ్మ ఫోటో

ఫోటోకి లెన్స్ ముఖ్యమా, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖ్యమా అన్న గొడవ మా ఇంట్లో పెళ్లయిన కొత్తలో మొదలైంది. ఇంకా తెగలేదు. చేవెళ్లలో కింద మా స్టూడియో, పైన మా కాపురం. కాబట్టి ఆ గొడవ రోజూ మెట్లెక్కుతుంది, దిగుతుంది. నాది లెన్స్ పార్టీ. మా ఆయనది మనిషి పార్టీ.

"ముందుగాల ఎదురుంగ ఎవలున్నరో సూడు. అద్దం సంగతి ఎన్క" అంటాడాయన.

"మసక అద్దంల రంభను సూపిచ్చినా దయ్యం లెక్కనే కనవడ్తది" అంటాను నేను.

ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఊరుకునే మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో అలాంటివాణ్ని చేసుకున్నవాళ్లకే తెలుసు.

రెండేళ్ల కిందట నా మెడలోని రెండు పేటల గొలుసు పోయి, నా సంచిలోకి ఎయిటీఫైవ్ లెన్స్ వచ్చింది. ఫోటోలు తీసేవాళ్లకి ఆ మాట చాలు. తీయనివాళ్లకి చెప్పాలంటే, దాన్ని మొహం మీద నిలిపితే కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. మొహం వెనక ఉన్నదంతా మాత్రం కరిగి రంగులుగా మారిపోతుంది. గోడ మీది మరకలు, ప్లాస్టిక్ కుర్చీలు, పక్కవాడి పొట్ట, ఏవీ కనిపించవు. మొయినాబాద్ ఫామ్‌హౌసుల్లో ఫంక్షన్లు చేసుకునేవాళ్లకి ఇప్పుడు అదే కావాలి. "అక్కా, ఎన్క అంత బ్లర్ రావాలె" అని పెళ్లికూతుళ్లే అడుగుతారు. ఆ లెన్స్ బిగించినప్పుడల్లా నేను ఒక మెట్టు పైన నిలబడినట్టు ఉండేది. గర్వమే. దాచుకోవడం ఎందుకు.

ఇక అత్తమ్మ సంగతి. ఆమె మాతోనే ఉంటుంది. మామ పోయినప్పుడు ఆయనకని విడిగా తీసిన ఫోటో ఒక్కటీ దొరకలేదు. ఫోటోలు తీసి బతికే ఇంట్లో! దీపం కింద చీకటి అంటే అదే. ఎవరి పెళ్లిలోనో గుంపులో నిలబడ్డ ఫోటోలోంచి ఆయన్ని కత్తిరించి పెద్దది చేశాం. దినాల నాడు దండ వేసిన ఆ ఫోటోలో మామ భుజం పక్కన ఎవరిదో చెవి మిగిలిపోయింది. వచ్చిన చుట్టాల్లో సగం మంది భోజనాల దగ్గర ఆ చెవి ఎవరిదో తేల్చే పనిలోనే ఉన్నారు.

అత్తమ్మ అది మనసులో పెట్టుకుంది. "బిడ్డా, నేనుండంగనే నాదొక ఫోటో మంచిగ దీసి పెట్టు. నా పక్కపొంటి ఎవలి చెవులు వద్దు" అంది.

తీశాను. నా పద్ధతిలో తీశాను. అద్దాల మీద లైటు మెరుస్తుందని కళ్లజోడు తీయించాను. భుజం మీది తువ్వాల తీయించాను. పట్టుచీర కట్టించి, పౌడరు రాసి, ముందు పన్ను లేదు కాబట్టి "జర నోరు మూస్కో అత్తమ్మా" అన్నాను. ఆమె అంతసేపు నోరు మూసుకుని ఉండటం మా ఇంట్లో అదే మొదలు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ముడతలు సాపు చేశాను, రంగు తేల్చాను. ఆమెకు రెండు కనుబొమల మధ్య ఒకటి, గడ్డం మీద ఒకటి పచ్చబొట్లు ఉన్నాయి, చిన్నప్పుడు పొడిపించుకున్నవి. నా లైట్లకు అవి మచ్చల్లా కనిపించాయి. మౌస్‌తో రెండు నొక్కులు నొక్కాను. పోయాయి. మొహం వెనక తేనె రంగు వెలుగు పెట్టాను.

మా ఆయన చూసి, "మంచిగున్నది. ఎవలు?" అన్నాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అత్తమ్మ ఆ ఫోటోను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. "మస్తున్నది బిడ్డా" అని, బల్ల మీద బోర్లా పెట్టి లోపలికి పోయింది. ఆ బోర్లా పెట్టడం చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. పైగా దాన్నే ఇంకా పెద్దది చేయించి షాపు బయట అద్దాల పెట్టెలో పెట్టాను. చూసినవాళ్లు తమ ఇళ్లలోని పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చారు. గోడకు పెట్టి దండ వేసే ఫోటోలు మా దగ్గర బాగా వస్తాయని పేరు పడింది. అత్తమ్మ మాత్రం ఆ పెట్టె ముందు నుంచి పోయేటప్పుడు అటు తల తిప్పేది కాదు.

ఆమెకు షుగర్ ఉంది. పొద్దున గోలీ వేసుకుంటే పన్నెండులోపు అన్నం తినాలి. తినకపోతే చెమటలు పడతాయి, మాట ముద్దవుతుంది, కళ్లు మూసుకుపోతాయి. అప్పటికే రెండుసార్లు అలా అయింది. రెండుసార్లూ నేను పక్కనే ఉన్నాను. చక్కెర తడిపి చిగుళ్లకు రుద్ది దవాఖానకు తీసుకుపోయాం. రెండోసారి డాక్టరు, "ఎవరూ చూడకపోతే ఏమయ్యేదో చెప్పలేను" అన్నాడు. ఆ మాట నా కడుపులోనే ఉండిపోయింది. ఎక్కడ పనిలో ఉన్నా పన్నెండింటికి మా పక్క గాజుల షాపు ఆమెకు ఫోన్ చేసి, "అత్తమ్మ తిన్నదా, జర సూడవా" అని అడగడం అలవాటు చేసుకున్నాను.

ఆ రోజు చేయలేదు.

చిన్న మంగళారంలో ఒక ఫామ్‌హౌస్‌లో తొట్టెల ఫంక్షన్. పెద్ద రైతు కుటుంబం, ఎటు చూసినా తెల్లచొక్కాల నాయకులే. మా ఆయన చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీకి పోయాడు, పనివాళ్ల ఐడీ కార్డులకు ఫోటోలు తీయడానికి. సరిగ్గా పన్నెండింటికి పాపను తొట్టెలో వేశారు. ఆ క్షణం పోతే మళ్లీ రాదు కదా అనుకున్నాను. పన్నెండున్నరకు గాజుల షాపామే ఫోన్ చేసింది.

"అక్కా, మీ అత్తమ్మ నీకాడికి గిట్ల వచ్చిందా?"

"నాకాడికి ఎందుకొస్తది?"

"పొద్దుగాల పదింటికి తాళమేసి, చెవి నాకిచ్చి, గిప్పుడే వస్త అని పోయింది. ఇంకా రాలే. పైకి పోయి తాళం దీసి సూసిన. నువ్వు వండిపెట్టిన అన్నం గట్లనే ఉన్నది, గిన్నె మీద మూత గూడ తియ్యలే."



అత్తమ్మ ఒంటరిగా ఎక్కడికీ పోదు. చదువు రాదు, బస్సు బోర్డు చదవలేదు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాల్సి ఉంది. ఫోన్ వాడదు. మా షాపు ముందు నుంచే లారీల రోడ్డు. కూరగాయల మార్కెట్‌కు పోవాలన్నా నా చెయ్యి పట్టుకుని, "అగో వస్తున్నది, ఇగో వస్తున్నది" అని అరుస్తూ రోడ్డు దాటే మనిషి.

"అక్కా, అమ్మమ్మతోటి ఒకటి తియ్యి" అని పాప తల్లి పిలుస్తోంది. ఏం చేయాలో తోచక కెమెరాకు కన్ను పెట్టాను. పాప మొహం ముత్యంలా ఉంది. వెనక అంతా కరిగిపోయి ఉంది. ఆ కరిగిన రంగుల్లో ఒక ఆకుపచ్చ చీర కదిలింది. అత్తమ్మ పొద్దున కట్టుకున్నది ఆకుపచ్చ చీరే. గబుక్కున కెమెరా దించి చూశాను. వడ్డన చేసే ఎవరో ఆమె. మళ్లీ కన్ను పెట్టాను. మళ్లీ అదే చీర, మళ్లీ అదే దడ. ఆ లెన్స్ కొన్నాక మొదటిసారి, వెనక ఉన్న మనిషి ఎవరో తెలియకపోవడం నాకు భయమేసింది.

ఇంటి పెద్దామె దగ్గరికి పోయి సంగతి చెప్పాను. ఆమె నా మొహం చూసి, "పో బిడ్డా, జల్దిపో. ఫోటోలు ఫోన్లల్ల మేం దీస్కుంటం" అంది.

స్కూటీ మీద పెద్ద రోడ్డు ఎక్కాక ఒక వైపు చేవెళ్ల, ఒక వైపు మొయినాబాద్. ఆలోచించకుండా చేవెళ్ల వైపు తిప్పాను. ఇప్పటికీ ఆ మూలకు వస్తే నా చేతులు హ్యాండిల్ మీద బిగుసుకుంటాయి.

దారిపొడవునా ఎక్కడ నలుగురు గుమిగూడి కనిపించినా నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒకచోట మక్కకంకులు కొంటున్నారు. ఒకచోట ఆటో టైరు మారుస్తున్నారు. మూడోచోట రోడ్డు పక్కన వంగి ఏం చూస్తున్నారో తెలుసుకునే ధైర్యం లేక ముందుకు పోయాను. పోయాక ఉండలేక వెనక్కి తిరిగి వచ్చాను. బంతిపూల మూట జారి పడితే ఏరుకుంటున్నారు. స్కూటీని రోడ్డు పక్కకు ఆపాను.

అక్కడే ఒక పని చేశాను. మా చుట్టుపక్కల ఫోటోగ్రాఫర్లందరికీ ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్, అన్ని ఊళ్లవాళ్లూ ఉంటారు. రోడ్డు మీద తిరిగేవాళ్లు కదా, ఎవరికైనా కనిపిస్తుందని అత్తమ్మ ఫోటో అందులో పెట్టాను. అద్దాల పెట్టెలోని ఫోటోనే. ఫోన్‌లో అన్నిటికన్నా పైన ఉన్నది, అన్నిటికన్నా బాగున్నది అదే. "మా అత్తమ్మ కనబడట్లేదు, చూసినవాళ్లు ఫోన్ చేయండి" అని దాని కింద ఇంకో మెసేజ్ రాసి పంపి, ఫోన్ సంచిలో వేసుకుని బయల్దేరాను.

ఇంటికి పోయి చూస్తే అన్నం గిన్నె చల్లారి ఉంది. కిటికీలో గోలీల అట్ట. అందులో ఆ రోజుది చింపి ఉంది. గోలీ వేసుకుంది, అన్నం తినలేదు. వేసుకోకుండా పోయి ఉంటే బాగుండని జీవితంలో మొదటిసారి దేవుణ్ని అడిగాను. ఆమె ట్రంకుపెట్టె తీశాను. ఆధార్ కార్డు లేదు. ఆధార్ ఉంటే ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు కదా. అంటే బస్సెక్కింది. ఎటు? వికారాబాద్ వైపా, పట్నం వైపా? పట్నం పోయి దిగితే ఇక ఎవరికి దొరుకుతుంది?

బస్‌స్టాండులో పూలమ్మే ఆమెను అడిగాను. "కండ్లజోడుకు ఒక దిక్కు దారం గట్టి ఉంటది. ఆకుపచ్చ చీర. నొసట పచ్చబొట్టు."

"గసొంటి అవ్వలు పొద్దటిసంది ఎంతమంది పోయిన్రో. ఎట్ల జెప్పాలె బిడ్డా?" అంది.

సర్కారు దవాఖానకు పోయాను. ఆడవాళ్ల వార్డులో చివరి మంచం మీద ఎవరో తలదాకా దుప్పటి కప్పుకుని ఉన్నారు. అడుగు పడలేదు. నర్సు వెనక నుంచి వచ్చి, "ఎవలు గావాలె?" అంటూ ఆ దుప్పటి లాగింది. బాలింత. వెలుతురు పడగానే విసుక్కుని అటు తిరిగి పడుకుంది. నేను బయటికి వచ్చాను.

గాజుల షాపామె ఫోన్ చేస్తే మా ఆయన చందనవెల్లి నుంచి వచ్చేసరికి రెండున్నర దాటింది. ఆయన మొహంలో రక్తం లేదు. "పన్నెండింటికి ఫోన్ చేసినవా?" అని ఒక్క మాట అడిగి ఉంటే నేను అక్కడే కూలిపోయేదాన్ని. అడగలేదు. ఇద్దరం పోలీస్ స్టేషన్‌కు పోయాం.

రాసుకునే ఆయన పెద్దవాడు, మెల్లగా మాట్లాడాడు. "ఫోటో ఉన్నదా అమ్మా?"

ఫోన్‌లో చూపించాను.

"గుర్తులు చెప్పు."

"నొసట పచ్చబొట్టు. గదువ మీద ఇంకోటి. కండ్లజోడు. ముంగట పన్ను లేదు."

ఆయన రాసుకుని, ఫోన్ తీసుకుని, రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేశాడు. నుదురు చూశాడు. గడ్డం చూశాడు. మళ్లీ నుదురు చూశాడు.

"ఏదమ్మా? పచ్చబొట్టు యాడున్నది?"

నేనూ వంగి చూశాను. అక్కడ నున్నటి చర్మమే ఉంది.

"పన్ను?"

"నోరు మూస్కున్నది సార్."

"జోడు?"

"నేనే తీపిచ్చిన."

"ఇంకో ఫోటో ఉంటే జల్ది ఇయ్యున్రి" అన్నాడు అంతే. కానీ నాకు జరగబోయేది కళ్ల ముందు కనిపించింది. ఆమె ఎక్కడో పడిపోయి ఉంటుంది. ఎవరో ఈ ఫోటో చూస్తారు, పడి ఉన్న మనిషిని చూస్తారు, ఈమె కాదులే అని పోతారు. దవాఖానలో అడ్రసు లేని మంచం మీద ఉన్నా సరే, నా ఫోటో పక్కన పెట్టి పోల్చి, కాదు అంటారు. ఆమెను గుర్తుపట్టడానికి దేవుడిచ్చినవీ, పచ్చబొట్టు పొడిచినామె ఇచ్చినవీ అన్నీ నా చేత్తో నేనే తుడిచేశాను. రెండు నొక్కులు.

స్టేషన్ మెట్ల మీదికి వచ్చి ఫోన్ చూసుకున్నాను. గ్రూపులో నాలుగు మెసేజ్‌లు. నాలుగింటికీ దండం పెట్టే చేతుల బొమ్మలు.

"ఓం శాంతి అక్కా."

"ఓం శాంతి."

"పెద్దమ్మ ఆత్మకు శాంతి కలగాలి."

"ఓం శాంతి. ఎప్పుడైందక్కా?"

చూశారు. ఎవరో చూశారు. రోడ్డు మీదో, కాలువ పక్కనో చూశారు. నాకు అదొక్కటే అర్థమైంది. మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. మా ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని చదివాడు. తర్వాత వేలితో పైకి జరిపి చూసి, గట్టిగా ఊపిరి వదిలాడు.

"నువ్వు ఉత్త ఫోటో పెట్టినవ్. కింద రాసింది పోలే. సిగ్నల్ లేక గట్లనే ఆగున్నది సూడు."

ఎర్ర గుర్తు పడి, నేను రాసిన మాట పోకుండా అక్కడే ఉంది. వాళ్లు చూసింది ఒక్క ఫోటోనే. ఆ తేనె రంగు వెలుగు, ఆ మూసిన నోరు, ఆ పట్టుచీర. మా షాపు నుంచి అలాంటి ఫోటో వస్తే దాని అర్థం ఈ చుట్టుపక్కల అందరికీ ఒకటే. పాపం, వాళ్ల తప్పేముంది? బతికున్న మనిషికి నేనే దండ వేసే ఫోటో తీశాను, తీసి వీధిలో నిలబెట్టాను.

"బతికే ఉంది, పొద్దున్నుంచి కనబడట్లేదు" అని టైపు చేశాను. "బతికే ఉంది" అన్న చోట నా వేలు ఆగింది. నాకు మాత్రం తెలుసా? అయినా పంపాను. సారీలు వచ్చాయి. షాబాద్ ఆయన ఇటు రాలేదన్నాడు. మొయినాబాద్‌లో జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటోల షాపు నడిపే ఆయన, "గీ అవ్వ మా దిక్కు కనవడలే అక్కా" అని రాశాడు.

మూడున్నర అయింది. గోలీ వేసుకుని ఎంతసేపయిందో లెక్క పెట్టడం మానుకున్నాను.

ఇంకో ఫోటో కోసం నా ఫోన్ అంతా వెతికాను. ఎన్ని వేల ఫోటోలు! పెళ్లికూతుళ్లు, పిల్లలు, పూలు, మా స్కూటీ కూడా ఉంది. అత్తమ్మ ఉన్నవి నాలుగైదు ఉంటే, అన్నిట్లో ఎవరి వెనకనో కరిగిపోయి ఉంది. ఆకుపచ్చ మరక, నీలం మరక, తెల్లజుట్టు మరక. మా ఆయన తన పాత ఫోన్ తీశాడు. దాని అద్దం మీద గీతలు, ఆ గీతల మీద నూనె చేతుల మరకలు. ఆ ఫోన్‌తో ఫోటో తీయడం అంటే నాకు పరువు తక్కువ.

"మా అవ్వ జోడు ఇరిగిననాడు మా అక్కకు సూపిద్దామని తీసిన" అన్నాడు.

ఫోటో వంకరగా ఉంది. వెనక మా వంటింటి స్టాండు, గిన్నెలతో సహా కనిపిస్తోంది. అత్తమ్మ ఎవరినో తిడుతోంది, నన్నే అయి ఉంటుంది. నోరు తెరిచి ఉంది, పన్ను లేని చోటు తెలుస్తోంది. కాడకు దారం కట్టిన జోడు ముక్కు మీదికి జారి ఉంది. భుజం మీద తువ్వాల. రెండు కనుబొమల మధ్య పచ్చబొట్టు.

ఆ ఒక్క ఫోటో చూడగానే, పొద్దటి నుంచి ఆగిన ఏడుపు బయటికి వచ్చింది. మనిషి ఎదురుగా వచ్చి నిలబడినట్టే ఉంది.

దాన్ని గ్రూపులో పెట్టాం. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. మొయినాబాద్ ఆయన ఫోన్ చేశాడు.

"అక్కా, గీ అవ్వనా! గీ అవ్వ పొద్దటిసంది నా షాపుల బల్ల మీదనే కూసున్నదక్కా!"

"ఎట్లున్నది? మాట్లాడిపియ్యి."

"పండుకున్నది. ఆగు, లేపుత." "అవ్వా, ఓ అవ్వా" అని అతను పిలవడం వినిపించింది. తర్వాత, "అక్కా, లేపుతే లేస్తలేదు. చెమటలు బట్టినయి" అన్నాడు.

చక్కెర తడిపి చిగుళ్లకు రుద్దమని, పక్కన ఏ దవాఖాన ఉంటే అందులోంచి ఎవరినైనా పిలుచుకు రమ్మని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. మా ఆయన బండి తీశాడు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ ఎంత దూరమో నాకు వేళ్ల మీద తెలుసు, వందలసార్లు తిరిగాను. ఆ రోజు ఆ దారి తరగలేదు. ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాను. అటు నుంచి మాటలు కావు, హడావుడి వినిపించేది. "నోరు దెరువవ్వా, జర నోరు దెరువు" అని ఒక ఆడగొంతు. నోరు మూసుకో అత్తమ్మా అని నేను అన్న గొంతు నాకే గుర్తొచ్చింది. చిన్న మంగళారం మూల దాటాం. పన్నెండున్నరకు ఇక్కడ ఇటు తిప్పి ఉంటే అనుకున్నాను. అనుకుని ఏం లాభం?

మేం షాపులోకి పరుగెత్తేసరికి అత్తమ్మ బల్ల మీద కూర్చుని, పక్క దవాఖాన నర్సు భుజానికి ఆనుకుని ఉంది. పెదాల చుట్టూ చక్కెర. చీర ముందంతా నీళ్లు. కళ్లు సగం తెరిచి నన్ను చూసి, "కరెంటొచ్చిందా?" అంది.

కింద కూర్చుని, ఆమె మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చాను. అత్తాకోడళ్లం మేం అలా ఎప్పుడూ లేం.

జరిగింది ఇది. పదిన్నర బస్సు ఎక్కి, "మొయినాబాద్‌ల దింపు బిడ్డా" అని కండక్టర్‌ను అడిగి, దిగి, ఫోటోలు దిగే షాపు ఎక్కడని నలుగురిని అడిగి ఇక్కడికి వచ్చింది. వచ్చేసరికి లైను రిపేరు అని కరెంటు తీశారు. "కరెంటొస్తే తీస్త, కూసో అవ్వా" అన్నాడు షాపాయన. ఇప్పుడే వస్తుంది, ఇప్పుడే వస్తుందని కూర్చుంది. మధ్యాహ్నం ఆయన జాలిపడి చాయ్ తెప్పిస్తే, "నాకు షుగరున్నది, చక్కెర ఎయ్యకు" అని చెప్పి మరీ తాగింది. తర్వాత గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంటే, నిద్రపోతోంది కదా అని ఆయన ఫ్యాను లేని షాపులోంచి బయటికి వచ్చి, మెట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకున్నాడు. గ్రూపులో నేను పెట్టిన ఫోటో చూశాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆమెకు నాలుగడుగుల దూరంలో కూర్చుని ఆమె కనబడలేదని రాశాడు.

"ఎప్పుడైందక్కా అని అడిగింది గూడ నేనే" అన్నాడు తల దించుకుని. తర్వాత నేను తీసిన ఆ ఫోటో ఉన్న ఫోన్‌ను అత్తమ్మ మొహం పక్కన పెట్టి చూసి, "ఇప్పుడు ఇంత దగ్గరికెల్లి సూసినా ఒక్క తీరు లేరక్కా. నేనేం జెయ్యాలె?" అన్నాడు.

అత్తమ్మ రొట్టె తిని, మాట సాఫీగా వచ్చేదాకా ఆగాను. ఆగాక నా భయమంతా కోపమై బయటికి వచ్చింది.

"ఎందుకొచ్చినవ్ ఈడికి? ఫోటో కోసమా? మనకు షాపు లేదా?"

"మన షాపుల నువ్వే దీస్తవ్ గద" అంది.

మా ఆయన అటు తిరిగాడు. నవ్వుతున్నాడో కళ్లు తుడుచుకుంటున్నాడో తెలియలేదు.

"తిట్టకు బిడ్డా. నువ్వు దీసింది మంచిగనే ఉన్నది. గని దాన్ని జూస్తే నాకే బుగులైతున్నది, గీ దొరసాని ఎవలని. నేను పోయినంక చుట్టాలు గామెకు దండం బెట్టి పోతరు. నాకు ఎవలు వెడ్తరు? మీ మామ పక్కన ఎవలిదో చెవి ఉంటే ఉన్నది గని, మీ మామ మీ మామ లెక్కనే ఉన్నడు."

తడిసిన ఆమె కొంగు పిండి మళ్లీ భుజం మీద సర్దాను.

ఐదింటికి కరెంటు వచ్చింది. ఇంటికి పోదాం అంటే ఆమె లేవలేదు. "పొద్దటిసంది కూసున్న, దిగే పోత" అంది. షాపాయన కెమెరా చూస్తే నాకు ఏడుపు వచ్చింది. దాని లెన్స్ మీద గీత ఉంది. నీలం బట్ట ముందు స్టూలు మీద కూర్చోబెడితే ఆమె ఇంకా కొంచెం ఊగుతోంది. నేను పక్కన నిలబడి భుజం పట్టుకున్నాను. ట్యూబులైటు రెండు అద్దాల మీద తెల్లగా మెరుస్తోంది. పెదవి చివర చక్కెర ఉంది. జోడు కొంచెం కిందికి దించు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. నోరు మూసుకో అని ఇంకెప్పుడూ అనను. ఆమె పన్ను లేని నోరంతా తెరిచి నవ్వింది.

ప్రింటు వచ్చాక చూస్తే ఎడమ అంచున ఆమె భుజం మీద నా నాలుగు వేళ్లు పడ్డాయి.

"కట్ చేస్తనక్కా" అన్నాడు షాపాయన.

"ఉండనియ్యి" అంది అత్తమ్మ. "ఎవలియో గావు గద, మా కోడలియే."

అద్దాల పెట్టెలోంచి ఆ పెద్ద ఫోటో మర్నాడే తీసేశాను. లెన్స్ అమ్మలేదు. మంచి లెన్స్ మంచిదే, ఆ మాట ఇప్పటికీ అంటాను, మా ఆయన ఇప్పటికీ నవ్వి ఊరుకుంటాడు. అత్తమ్మకు ఒక చిన్న ఫోన్ కొని మెడలో వేశాం. పాస్‌పోర్టు సైజు ఫోటోల్లో ఒకటి ఆధార్ కవరులో పెట్టుకుంది. ఒకటి నాకిచ్చి, "నీకాడ ఉంచు. మల్ల తప్పిపోతే దొరకాలె గద" అంది. అది నా కెమెరా సంచిలో, లెన్స్ పెట్టే అరలో ఉంది. లెన్స్ తీసిన ప్రతిసారీ ముందు ఆమె మొహమూ నా వేళ్లూ కనిపిస్తాయి.

పన్నెండు కొడితే తొట్టెలో పాప ఉన్నా, పీటల మీద పెళ్లికూతురున్నా కెమెరా దించి ఫోన్ చేస్తాను. "తిన్న. నువ్వు తిన్నవా?" అని ఆమె గొంతు వినబడేదాకా, నా ఆ నాలుగు వేళ్లూ మళ్లీ కెమెరా మీదికి పోవు.